నాలుగు గోడలు చాలవు

"మీ నాలుగు గోడల మధ్య మీరేం చేసుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదురా. రోడ్డెక్కి ఊరేగడం దేనికి?" గేలు వీధుల్లో చేసే ప్రైడ్ ఊరేగింపుల నెల, జూన్ వచ్చిందంటే మా బాబాయి ఫోన్లో తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఆయన మనసు మంచిది. నేను గే అని ఇంట్లో చెప్పినప్పుడు నాతో మాటలు మానుకోని కొద్దిమంది బంధువుల్లో ఆయన ఒకరు. నా పార్ట్‌నర్ ఎలా ఉన్నాడని పేరుపెట్టి మరీ అడుగుతారు. అంతటి మనిషి కూడా వచ్చి ఆగేది ఈ మాట దగ్గరే. ఆయనే కాదు, "మాకలాంటి పట్టింపులేం లేవండీ" అనే చదువుకున్న తెలుగువాళ్లలో చాలామంది ఆగేదీ ఇక్కడే. తిట్టేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఈ మాట అనేవాళ్లకు మాత్రం తీరిగ్గా కూర్చుని చెప్పాలనిపిస్తుంది. వీళ్లు వింటారు.

నేను చెప్పేది ఒక్కటే. నాలుగు గోడల మధ్య ఇద్దరు ప్రేమించుకోగలరు గానీ బతకలేరు. బతకడానికి వీధి కావాలి. కిరాణా కొట్టు కావాలి, పలకరించే పక్కింటివాళ్లు కావాలి, ఊరికే కూర్చోడానికి ఒక చోటు కావాలి.

ముందు మన సంగతే చూద్దాం. తెనాలిలో మా వీధిలో పెళ్లంటే రోడ్డుకు అడ్డంగా షామియానా వేసేవాళ్లు. రిక్షాలు, స్కూటర్లు పక్క సందులోంచి తిరిగి వెళ్లేవి, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. పెళ్లికొడుకు ఊరేగింపు అర్ధరాత్రి దాకా సాగేది. బ్యాండు మేళానికి నిద్రలేచిన పిల్లల్ని తల్లులు గుమ్మంలోకి తీసుకొచ్చి చూపించేవాళ్లు. పెళ్లి ఒక్కటేనా? సీమంతం, బారసాల, అన్నప్రాశన, షష్టిపూర్తి, అన్నీ పదిమంది మధ్యే. ఆడపిల్ల పెద్దమనిషయితే వీధి వీధంతా పిలిచి పేరంటం చేసే సమాజం మనది. ఒంటికీ ఇంటికీ సంబంధించిన విషయం అంతకన్నా ఏముంటుంది? దాన్నే నాలుగు గోడల మధ్య ఉంచలేదు మనం. ఆడా మగా కలిసి బతికే బతుకులో వీధితో పని లేని ఘట్టం ఒక్కటి కూడా కనపడదు నాకు. మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇల్లు చాలంటారు.

నేనుండేది శాన్‌ఫ్రాన్సిస్కోలో, గేల పేటగా పేరున్న కాస్ట్రోకు నడిచి వెళ్లేంత దూరంలో. మార్కెట్ స్ట్రీట్, కాస్ట్రో స్ట్రీట్, 17వ వీధి కలిసే మూల దగ్గర మొదలయ్యే చిన్న పేట అది. ఓ పెద్ద జెండా కర్ర, దాని మీద ఇంద్రధనుస్సు జెండా, కింద మెట్రో స్టేషను, పాతకాలం ట్రాములు వచ్చి ఆగే చోటు, కొంచెం దిగువకి వెళితే 1922లో కట్టిన కాస్ట్రో థియేటరు. 18వ వీధి మూల దగ్గర రోడ్డు దాటే గీతలకు 2014లో ఇంద్రధనుస్సు రంగులు వేశారు. మే చివరి వారం నుంచి జూన్ నెలాఖరు దాకా ఈ నాలుగు వీధుల్లో కాలు పెట్టడానికి ఖాళీ ఉండదు. ఎండాకాలం అని పేరే గానీ, మధ్యాహ్నం దాటాక ట్విన్ పీక్స్ కొండల మీంచి పొగమంచు కిందికి దిగుతుంది. స్వెట్టర్ తెచ్చుకోని టూరిస్టులు చేతులు కట్టుకుని వణుకుతుంటారు. ఊళ్లోవాళ్లు మాత్రం అలవాటుగా నడుముకు ఓ జాకెట్ కట్టుకుని తిరుగుతారు.

బాబాయి టీవీలో చూసేది జూన్ చివరి ఆదివారం జరిగే పెద్ద ప్రైడ్ ఊరేగింపు. అది కాస్ట్రోలో జరగదు, డౌన్‌టౌన్‌లో మార్కెట్ స్ట్రీట్ మీద జరుగుతుంది. అందులో కంపెనీల బండ్లు, రాజకీయ నాయకులు, రంగు కాగితాలు ఎగరేసే యంత్రాలు ఉంటాయి. నాకు దాని మీద కోపం లేదు, అలాగని పెద్ద మోజూ లేదు. నాకు కావలసింది దానికి ముందు వచ్చే అయిదు వారాలు. అప్పుడు ఈ పేటలో జరిగేవన్నీ ఏ పేటలోనైనా జరిగే మామూలు సంగతులే. కుక్క తప్పిపోయిందని స్తంభానికి కాగితం అంటిస్తారు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ మెట్ల మీద పుస్తకాలు, గిన్నెలు పెట్టి "తీసుకెళ్లండి" అని రాస్తారు. థియేటర్లో పాత కుర్చీలు ఉంచాలా తీసేయాలా అని ఏళ్ల తరబడి గొడవపడ్డారు, దాని మీద నగర పాలకుల దాకా వెళ్లారు. జూన్ రెండో సగంలో ఫ్రేమ్‌లైన్ అనే గే సినిమాల పండగ వస్తుంది, 1977 నుంచీ జరుగుతోంది. జూన్‌లోనే వాలంటీర్లు సుత్తులు పట్టుకుని ట్విన్ పీక్స్ కొండెక్కి, దాదాపు ఎకరం నేల మీద గులాబీ రంగు గుడ్డల్ని త్రికోణం ఆకారంలో పరిచి మేకులు కొడతారు. నాజీల క్యాంపుల్లో గే మగవాళ్ల చొక్కాలకు కుట్టిన గుర్తు ఆ త్రికోణం. ఊళ్లో చాలా దూరం నుంచి కనిపిస్తుంది. మేకులు కొట్టేవాళ్లలో పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులూ ఉంటారు.

కాస్ట్రో స్ట్రీట్‌లో క్లిఫ్స్ వెరైటీ అని ఒక హార్డ్‌వేర్ షాపు ఉంది, 1936 నుంచీ ఉన్నది. ఒకవైపు మేకులు, తాళాలు, పెయింటు డబ్బాలు. ఇంకోవైపు ఈకల దండలు, విగ్గులు, మెరుపు గుడ్డలు. ఓ జూన్ సాయంత్రం కుళాయికి వాషర్ కొనడానికి వెళ్లాను. నా ముందు యాభై దాటిన పెద్దమనిషి ఒకాయన, ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో ఇంకా ఐడీ కార్డు ఉంది. చేతిలో చమ్కీల పొట్లం, ఒక టోపీ. ఏ జిగురుతో అంటిస్తే పొగమంచు తేమకు ఊడకుండా ఉంటుందని అడుగుతున్నాడు. కౌంటర్లో ఉన్నామె రెండు రకాల ట్యూబులు తెచ్చి, ఒకటి ఆరడానికి రాత్రంతా పడుతుందనీ, ఇంకోటి గుడ్డకు మరక చేస్తుందనీ వివరంగా చెప్పింది. టోపీ లోపలి కుట్టు తిరగేసి చూసి, "ఇక్కడ జిగురు వద్దు, దారంతో కుట్టేయండి" అంది. ఆయన సరేనని దారపు ఉండ కూడా తీసుకున్నాడు. తర్వాత నా వంతు. నా పాత వాషర్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, అదే శ్రద్ధతో సరైన సైజు తీసిచ్చింది. మా ఇద్దరి పనీ ఆమెకు ఒకటే. ఊరేగింపులో ఎన్ని జెండాలు చూసినా నాకు రాని ధైర్యం ఆ కౌంటర్ దగ్గర వచ్చింది.

ఈ పేట మొదటినుంచీ ఇలా లేదు. దాని అసలు పేరు యురేకా వ్యాలీ. ఐరిష్ కూలీ కుటుంబాలు, స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్లు ఉండే పేట. 1960లలో వాళ్లు శివార్లకు వెళ్లిపోతుంటే పాత చెక్క ఇళ్లు చవగ్గా దొరికాయి. గే కుర్రాళ్లు వచ్చి వాటిని కొనుక్కుని, అద్దెకు తీసుకుని బాగుచేసుకున్నారు. అప్పటిదాకా ఈ ఊళ్లోనైనా, అమెరికాలో ఏ ఊళ్లోనైనా గే బార్లంటే కిటికీలు మూసేసిన చీకటి గదులు. పోలీసులు దాడి చేస్తారని, రోడ్డు మీద పోయేవాడెవడైనా గుర్తుపట్టి ఆఫీసులో చెబుతాడని భయం. పట్టుబడితే పేరు పేపర్లో వచ్చేది, ఉద్యోగం పోయేది. ఇవాళ ప్రైడ్ జూన్‌లో రావడానికి కారణమే అలాంటి దాడి. 1969 జూన్ 28న న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ ఇన్ అనే బార్ మీద పోలీసులు పడితే, లోపలివాళ్లు వీధిలోకి వచ్చి ఎదురు తిరిగారు.

కాస్ట్రోలో జెండా కర్ర ఉన్న మూల మీదే ట్విన్ పీక్స్ టావెర్న్ అనే బార్ ఉంది. 1970ల మొదట్లో దాన్ని ఇద్దరు ఆడవాళ్లు కొన్నారు. 1972లో వీధి వైపు గోడల్లో నిలువెత్తు అద్దాలు పెట్టించారు. లోపల కూర్చున్నవాళ్లు ట్రాముల్లో వెళ్లేవాళ్లందరికీ కనిపించేలా. పేటలో జరిగిన అన్నిటికన్నా పెద్ద సంఘటన నా దృష్టిలో అదే. ఎందుకంటే అప్పటికింకా కాలిఫోర్నియాలో ఇద్దరు మగవాళ్ల కలయిక నేరం. ఆ నేరాన్ని తీసేస్తూ చట్టం వచ్చింది 1975లో, అమల్లోకి వచ్చింది 1976 జనవరిలో. అంటే ముందు అద్దాలు వచ్చాయి, చట్టం తర్వాత వచ్చింది. మన దేశంలో దీనికి తలకిందులుగా జరిగింది. చట్టం 2018లోనే మారింది. అద్దాలు ఇంకా పెట్టలేదు.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఆ బార్‌కి వెళితే కనిపించేది ఎక్కువగా ముసలివాళ్లు. కిటికీ పక్క బల్ల దగ్గర పేకాడుకుంటుంటారు. ఒకాయన ముక్క వేయడానికి చాలాసేపు ఆలోచిస్తాడు, ఎదుటాయన విసుక్కుంటాడు. చేతికర్రలు కుర్చీ వీపుకి తగిలించి ఉంటాయి. బయట నుంచి ఎవరైనా చెయ్యి ఊపితే లోపలివాళ్లు తల ఎత్తి ఊపుతారు. కుర్రకారు ఒకప్పుడు ఆ బార్‌ని గాజు శవపేటిక అని వెక్కిరించేది. ఆ వెక్కిరింత నాకు నచ్చదు. ముసలితనం దాకా బతికిన గే మగవాళ్లు పట్టపగలు అందరికీ కనబడేలా కూర్చోవడం ఎంత అపురూపమో, వాళ్ల వయసువాళ్లు ఎంతమంది పోయారో తెలిస్తే ఆ మాట రాదు. 2013లో నగరం ఆ భవనాన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది.

వీధి ఉంటే ఓటు కూడా వస్తుంది. హార్వే మిల్క్ అనే గే మనిషి 1973లో 575 కాస్ట్రో స్ట్రీట్‌లో కెమెరా షాపు పెట్టాడు. ఫిల్ము కొనడానికి వచ్చినవాళ్లు సోఫాలో కూర్చుని కబుర్లు చెప్పుకునే షాపు అది. అక్కడినుంచే పేట వ్యాపారుల సంఘం నడిపాడు, 1974లో వీధి జాతర మొదలుపెట్టాడు. వరసగా ఎన్నికల్లో ఓడిపోయాడు. నగరమంతా కలిపి ఓటేసే పద్ధతి పోయి వార్డుల వారీగా ఎన్నికలు వచ్చాక, 1977లో నగర పాలక మండలికి గెలిచాడు. ఈ వరస గమనించండి. గేలు ఊరంతా చెల్లాచెదురుగా, ఎవరింట్లో వాళ్లు తలుపులేసుకుని ఉన్నంతకాలం ఎంతమంది ఉన్నా లెక్కలోకి రాలేదు. ఒక పేటలో కనబడేసరికి ఒక ప్రతినిధి వచ్చాడు. కుక్కలు రోడ్డు పాడుచేస్తే యజమానులే ఎత్తాలనే నిబంధన తెచ్చి, దాంతోనే ఊళ్లో అందరి దృష్టిలో పడ్డాడు. గే టీచర్లను బడుల నుంచి తీసేయాలనే ప్రతిపాదన రాష్ట్రమంతా ఓటుకు వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి చెప్పండని ప్రచారం చేశాడు. 1978 నవంబరు 7న ఆ ప్రతిపాదన ఓడిపోయింది. అదే నెల 27న సిటీ హాల్లో మేయర్ జార్జ్ మాస్కోనినీ మిల్క్‌నీ మండలి మాజీ సభ్యుడు డాన్ వైట్ కాల్చి చంపాడు. ఆ రాత్రి కాస్ట్రో నుంచి సిటీ హాలు దాకా వేలమంది కొవ్వొత్తులతో నడిచారు.

1979 మే 21న హంతకుడికి చిన్న శిక్ష పడేలా తీర్పు వచ్చింది. సిటీ హాలు ముందు అల్లర్లు జరిగాయి. పోలీసులు కాస్ట్రోకి వచ్చి 18వ వీధి మూల మీది బార్లోకి చొరబడి లోపలివాళ్లను చితకబాదారు. ఆ మర్నాడు మే 22, మిల్క్ పుట్టినరోజు. బతికుంటే 49 నిండేవి. ఇంత జరిగాక ఎవరైనా తలుపులేసుకుంటారు. వీళ్లు అనుకున్న ప్రకారమే కాస్ట్రో స్ట్రీట్‌లో వేలమంది చేరి, ఏ గొడవా లేకుండా పుట్టినరోజు చేశారు. ఇప్పుడు మే 22 కాలిఫోర్నియాలో హార్వే మిల్క్ దినం. మా పేటకు ఎండాకాలం మొదలయ్యేది ఆ రోజుతోనే.

ఇంకా రాజకీయం అంటే పట్టనివాళ్ల కోసం చావుబతుకుల సంగతి చెబుతాను. 1981లో ఒక పేరులేని జబ్బు మొదలైంది, తర్వాత దానికే ఎయిడ్స్ అని పేరు పెట్టారు. బాబీ క్యాంప్‌బెల్ అనే నర్సుకి ఒంటి మీద ఊదారంగు మచ్చలు వచ్చాయి. అతను ఆ మచ్చల ఫోటోలు తీసి, కాస్ట్రో, 18వ వీధుల మూల మీదున్న మందుల షాపు కిటికీలో అంటించాడు. ఇలాంటివి మీకూ ఉన్నాయేమో చూసుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి అని. ప్రభుత్వం గట్టిగా నోరు విప్పకముందు, పేపర్లు అంతగా పట్టించుకోకముందు, ఆ పేటలో చాలామందికి జబ్బు సంగతి తెలిసింది ఆ కిటికీ వల్లే. అతను 1984లో చనిపోయాడు. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రిలో 5బి వార్డు తెరిచారు. అక్కడి నర్సులు రోగుల్ని ముట్టుకున్నారు, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. ఆ రోజుల్లో ఎక్కువ చోట్ల అన్నం పళ్లెం గుమ్మం బయటే పెట్టి వెళ్లేవాళ్లు. 1985లో రూత్ బ్రింకర్ అనే పెద్దావిడ, వంట చేసుకునే ఓపిక లేని 7గురు రోగులకు వండి పంపడం మొదలుపెట్టింది. అదే ప్రాజెక్ట్ ఓపెన్ హ్యాండ్ అయింది, ఇప్పటికీ నడుస్తోంది. బే ఏరియా రిపోర్టర్ అనే ఇక్కడి గే వారపత్రిక ఏళ్లపాటు వారం వారం మరణవార్తలు వేసింది. 1998 ఆగస్టులో ఒక వారం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో, ఈ వారం మరణవార్తలు లేవని అచ్చువేసింది.

"నాలుగు గోడల మధ్య" అనే పెద్దలు దీన్ని కాస్త ఆలోచించాలి. ఆ రోగుల్లో ఎంతోమందిని కన్నవాళ్లు ఇంటికి రానివ్వలేదు. ఎవరి నాలుగు గోడల మధ్య వాళ్లు ఉండి ఉంటే, జబ్బు సంగతి చెప్పడానికి కిటికీ ఉండేది కాదు, అన్నం తెచ్చే మనిషికి తలుపు నంబరు తెలిసేది కాదు. పక్క వీధివాళ్లు దుప్పట్లు మార్చారు, బిళ్లలు లెక్కపెట్టి ఇచ్చారు, శవాల్ని సాగనంపారు. అందుకే, ముఖపరిచయం ఉన్న పదిమందిని సంపాదించుకోవడం సరదా వ్యవహారం అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పటి కుర్రాళ్లు ఇంకోలా అంటారు. "ఫోన్లో యాప్ ఉంది కదా అన్నా, వీధి ఎందుకు?" అని. వాళ్లనీ తప్పుబట్టను. చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లకు తనలాంటి మనిషి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని మొదటిసారి తెలిసేది ఫోన్ వల్లే. కానీ యాప్ ఒక మనిషిని తెచ్చి మళ్లీ ఒక గదిలోనే కూర్చోబెడుతుంది. ఇష్టపడితే ఉంటాడు, లేకపోతే బ్లాక్ చేస్తాడు. మోసం చేసి బెదిరించే ముఠాలు మన ఊళ్లలో ఎంచుకునేదీ ఆ గదినే, అక్కడ సాక్షి ఉండడు కాబట్టి. వీధిలో నువ్వు ఎంచుకోని మనుషులు తారసపడతారు. నాకు ఈ పేటలో బాగా దగ్గరైనవాళ్లలో ఒక రిటైరైన ట్రాము డ్రైవరు, ఒక లెస్బియన్ జంట, వాళ్ల పాప ఉన్నారు. ఏ యాప్ కూడా వీళ్లను నాకు చూపించేది కాదు.

కాస్ట్రోని పొగిడి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. అద్దెలు ఆకాశంలో ఉన్నాయి. ఇరవై ఏళ్ల కుర్రాడు ఇల్లొదిలి వస్తే ఇక్కడ గది తీసుకోలేడు. ఈ పేట మొదటినుంచీ ఎక్కువగా తెల్ల మగవాళ్లది, అందులోనూ చేతిలో డబ్బున్నవాళ్లది. ఆడవాళ్లకు దగ్గర్లోని మిషన్ పేటలో లెక్సింగ్టన్ క్లబ్ అని ఒక బార్ ఉండేది, 2015లో మూతపడింది. కొన్ని తలుపుల దగ్గర మన రంగు చూసి ఇవాళ్టికీ చూపు మారుతుంది. ఈ బాధలోంచే 1986లో ఇక్కడి దక్షిణాసియా గేలు, లెస్బియన్లు త్రికోణ్ అనే సంఘం పెట్టుకున్నారు. తెల్లవాళ్ల మధ్య గేగా, మనవాళ్ల మధ్య ఏమీ కానట్టుగా సగం సగం బతకలేక. ఇలాంటి సంఘాల్లో ప్రపంచంలోనే తొలినాటిది అది.

తెలుగువాడిగా నా ఇబ్బంది ఇక్కడే. నాకు గే వీధి ఉంది, తెలుగు వీధి కూడా ఉంది. రెండూ వేరు వేరు చోట్ల ఉన్నాయి. తెలుగు వీధి ఫ్రీమాంట్‌లో, సన్నీవేల్‌లో, లివర్‌మోర్ గుడి పార్కింగ్‌లో ఉంది. అక్కడ అందరూ ఆప్యాయంగా పలకరిస్తారు, తర్వాతి ప్రశ్న "పిల్లలెందరు బాబూ?" అక్కడ నేను మళ్లీ నాలుగు గోడల్లోకి వెళ్లిపోతాను. మా పార్ట్‌నర్ రూమ్మేట్ అయిపోతాడు. కాస్ట్రోలో మా ఇద్దరి గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు గానీ, మే నెలలో ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు ముక్కుకి తగిలితే ఎందుకు కళ్లు చెమరుస్తాయో చెప్పడానికి ఎవరూ ఉండరు. అందుకే మేం కొందరం తెలుగువాళ్లం జూన్ శనివారాల్లో డోలోరెస్ పార్కులో కలుస్తాం. కాస్ట్రో నుంచి నడిచి వెళ్లే దూరం. ఎత్తు మీదున్న పై మూలలో ఏళ్లుగా గేలు చేరి ఎండ కాగుతారు, ఊరంతా కిందికి కనిపిస్తుంది. దుప్పటి పరిచి, పులిహోర, పెరుగన్నం, ఎవరింటి కొత్తావకాయో విప్పుతాం. గుంటూరు, వరంగల్, విశాఖ యాసలన్నీ వినిపిస్తాయి. ఎవరి ఆవకాయలో ఉప్పెక్కువైందో అనే గొడవ కూడా ఉంటుంది. మా ఇంటి అరుగు మీద వినిపించిన గొడవే అది.

మన ఊళ్లకొస్తే, వీధి ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది ఇంకా చేదుగా ఉంటుంది. హైదరాబాద్ రాజ్యంలో 1919లో నపుంసకుల చట్టం అని ఒకటి చేశారు. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాసిపెట్టుకుని, వాళ్లు ఆడ దుస్తుల్లో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారంట్ లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకు ఇచ్చింది. ఆ చట్టం కన్ను పడింది వీధి మీదే. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. నూరేళ్లకు పైగా పుస్తకాల్లో ఉంది. మా బాబాయి లాంటివాళ్లు చెప్పే నాలుగు గోడలు కూడా హిజ్రాలకు ఎవరూ ఇవ్వలేదు. ఇల్లు అద్దెకివ్వరు, వీధిలో ఉంటే కేసు. అంత నడిమధ్యన నిలబడి కూడా వాళ్లు వీధిని వదల్లేదు. మిగతా మా అందరికన్నా ముందు ఈ పోరాటం చేసింది వాళ్లే, ఈ మాట చెప్పుకోవడంలో గేలు వెనకాడకూడదు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మా కలయికను నేరమనే 377వ సెక్షన్ నుంచి మమ్మల్ని తప్పించింది. ఆ తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ రాసిన భాగం నాకు ఇష్టం. గోప్యత హక్కు గది లోపలితో ఆగదని, బహిరంగ స్థలాల్లో తమకు నచ్చిన తీరున మెలిగే స్వేచ్ఛ కూడా అందులో ఉందని ఆయన అన్నారు. తర్వాత 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు ఇవ్వడానికి అదే కోర్టు ఒప్పుకోలేదు. ఆ కేసు వేసిన సుప్రియో, అభయ్ హైదరాబాద్‌లో ఉండేవాళ్లే. 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. కోర్టు కాగితం రాకపోయినా ఆ వేడుక జరిగింది, పెద్దలు వచ్చారు, భోజనాలు పెట్టారు. చట్టం కోసం పోరాడాల్సిందే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ చట్టం వచ్చేదాకా అద్దాలు పెట్టకూడదని ఎవరూ అనలేదు. హైదరాబాద్‌లో ఇద్దరు కుర్రాళ్లు బ్యాచిలర్లుగా గది తీసుకుని ఏళ్లకేళ్లు ఉండొచ్చు. ముప్పై అయిదు దాటాక ఓనరు "ఇంకా పెళ్లెప్పుడు?" అని అడగడం మొదలుపెడతాడు. నలభై దాటాక ఇల్లు ఖాళీ చేయమంటాడు. అరవై దాటినవాళ్లు మధ్యాహ్నం మూడింటికి ఎక్కడ కూర్చుంటారు? వాళ్లు ఉన్నారు. తెనాలిలోనూ ఉన్నారు, నిజామాబాద్‌లోనూ ఉన్నారు. చాలామంది పెళ్లాం బిడ్డల మధ్య నోరు మూసుకుని ఉన్నారు, ఆ పెళ్లాలకు జరిగిన అన్యాయం కూడా నాలుగు గోడల మధ్యే ఉండిపోయింది.

పోయిన జూన్‌లో మా పెద్దమ్మ కొడుకు ట్రేసీలో కొత్త ఇల్లు కొన్నాడు. గృహప్రవేశం కార్డు పోస్టులో వచ్చింది. కవరు మీద మా ఇద్దరి పేర్లూ రాసి ఉన్నాయి. వెళ్లాం. అన్నయ్య ఏమీ అనలేదు గానీ వదిన గుమ్మంలోనే మమ్మల్ని ఆపి, పక్కనున్న నలుగురు ఆంటీలతో "మా మరిది. ఈయన మా మరిది పార్ట్‌నర్" అంది. ఒకావిడ అర్థం కానట్టు చూసింది. ఇంకొకావిడ నా పార్ట్‌నర్ వైపు తిరిగి, కారం తింటారా అని ఇంగ్లీషులో అడిగింది. తింటానన్నాడు. విస్తరి ముందు కూర్చోబెట్టి పక్కనే నిలబడి దోసకాయ పప్పు, గుత్తొంకాయ వడ్డించింది. అంతే జరిగింది. ఆ రోజు తర్వాత ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్లలో మా సంగతి అందరికీ తెలుసు. ట్రేసీలో ఒక తెలుగు వీధి మాకు తెరుచుకుంది.

మీ చుట్టాల్లో ఏళ్ల తరబడి ఒకే రూమ్మేట్‌తో ఉంటున్న కుర్రాడో అమ్మాయో ఉంటే, ఈసారి శుభలేఖ మీద రెండో పేరు కూడా రాయండి. ముందు వాళ్లను అడిగి రాయండి, కొందరికి ఇంకా భయం ఉంటుంది. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లయితే, ఇద్దరు మగవాళ్లు జంటగా వస్తే అద్దె సరిగ్గా కడతారా లేదా అన్నది చూసి ఇవ్వండి. బే ఏరియాలో ఉన్నవాళ్లు ఈ జూన్‌లో ఏ శనివారమైనా పదకొండు దాటాక డోలోరెస్ పార్కుకి రండి. 20వ వీధి వైపు పై మూలలో ఉంటాం. పిల్లల్ని తీసుకురండి, ఆడుకోడానికి బోలెడంత చోటుంది. దోశ పెనం తెచ్చే వీలుండదు కాబట్టి అన్నం వంటలైతే మంచిది. పొగమంచు దిగితే చలేస్తుంది, స్వెట్టర్లు మర్చిపోకండి.